బంతి పక్కన ఏ రంగు? పూలమడిలో రంగుల లెక్క

దసరా దాటిందంటే అనంతపురంలో నర్సరీల ముందు నల్ల కవర్లలో నారు వరసలు తీరుతుంది. బంతి, జీనియా, పిటూనియా, సాల్వియా, కోడిజుట్టు. ఈసారి మా ఇంట్లో వాదన ఒక చిన్న ప్రశ్న దగ్గర మొదలైంది. పసుపు బంతి పక్కన ఏం నాటాలి? మావాడు ఫోన్‌లో రంగుల చక్రం తిప్పి చూసి, "ఎదుటి రంగు నీలం నాయనా" అన్నాడు. మా మరదలు తన ఫోన్‌లో ఇంకో చక్రం తీసి, "నీలం కాదు బావా, ఊదా" అంది. ఇద్దరి మాటా విని మా అమ్మ, "పసుపు పక్కన కుంకుమ గాక ఇంకేం పెడతారప్పా!" అని లోపలికి పోయింది.

విచిత్రమేమంటే ముగ్గురూ సరిగ్గానే చెప్పారు. ఆ మూడు జవాబులూ ఎట్లా నిలబడతాయో, ఏది ఎక్కడ తేలిపోతుందో చూడాలంటే కొంచెం మొదటి నుంచి రావాలి.

సీజనల్స్ అంటే ఏ మొక్కలు

మొలిచి, పెరిగి, పూసి, విత్తనం పెట్టి ఒకే కాలంలో ఎండిపోయే మొక్క ఏకవార్షికం. ఆ మాట పాఠ్యపుస్తకంలోది. నర్సరీవాళ్లు సీజనల్స్ అంటారు. బంతి, జీనియా, కాస్మాస్, కోడిజుట్టు, గోంఫ్రీనా, గడ్డిగులాబీ ఈ కోవలోవి. బిళ్లగన్నేరు ఏడాది దాటి బతికేదే అయినా దాన్నీ ఇట్లాగే వాడేవాళ్లున్నారు. చామంతి ఈ లెక్కలోకి రాదు, దానికి పిలకలు తీసి నాటుకుంటాం.

మందారమో కాగితంపూల చెట్టో పెడితే ఆ రంగుతో ఏళ్ల తరబడి కాపురం చేయాలి. సీజనల్స్‌తో పొరపాటు చేసినా నాలుగు నెలలే. అయితే ఒక మెలిక ఉంది. అనుకున్న రంగులన్నీ ఒకేసారి విచ్చాలి. ఒకటి పూసేసరికి ఇంకోటి ఎండిపోతే కాగితం మీద గీసుకున్న జత కాగితం మీదే మిగులుతుంది.

ఒక్క రంగులో మూడు సంగతులు

పట్టుచీరల అంగట్లో కూర్చున్నవాళ్ల మాటలు వినండి. "ఎరుపే కావాల, కానీ ఇంత ముదురు వద్దు. ఇదేమో మరీ వెలిసినట్టుంది." ఈ రెండు ముక్కల్లో రంగుకున్న మూడు కొలతలూ వచ్చేశాయి. ఎరుపా, పసుపా, నీలమా అన్నది వర్ణం. ముదురా లేతా అన్నది రెండోది. నిండుగా ఉందా, వెలిసినట్టుందా అన్నది మూడోది.

ఫోన్‌లో తిప్పే రంగుల చక్రం చూపించేది ప్రధానంగా మొదటిదాన్నే. తికమకంతా అక్కడే పుడుతుంది. చక్రం మీద ఎరుపుకు ఎదురు ఆకుపచ్చ. అంటే ఎర్ర సాల్వియా తన ఆకుల మీదే ధగధగలాడాలి. దగ్గర్నించి చూస్తే అట్లాగే ఉంటుంది కూడా. కానీ ఆ మడిని ఫోటో తీసి నలుపు-తెలుపులోకి మారిస్తే పువ్వూ ఆకూ ఇంచుమించు ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. వర్ణంలో ఎదురెదురు, ముదురులో సమానం. ఎరుపు-ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియని చూపు ఉన్నవారికి (ఇది మగవాళ్లలో ఎక్కువ) అసలు మడే దాదాపు ఇట్లా కనిపిస్తుంది.

అదే పరీక్ష పసుపు బంతికి పెడితే పువ్వు తెల్లగా తేలుతుంది. నిండు రంగులన్నిట్లోకీ పసుపే లేతది. నీలం, ఊదా, కుంకుమ ఎరుపు, మూడూ దానికంటే బాగా ముదురు. అందుకే మావాడి జతా, మరదలి జతా, మా అమ్మ జతా మూడూ పండుతాయి. ఒకదానికొకటి పోలిక లేని మూడు జవాబుల్లోనూ దాక్కున్నది ఈ ముదురు-లేతల తేడాయే.

ఒక రంగుకు ఇద్దరు ఎదుటివాళ్లు ఎట్లా వచ్చారు

న్యూటన్ 1704లో వెలువరించిన గ్రంథంలో, గాజు పట్టకం విడదీసిన రంగులను వరసగా పరిచి, ఆ పట్టీ రెండు కొసలూ కలిపి గుండ్రంగా గీశాడు. చక్రం అక్కడ మొదలైంది. తరవాత అది రెండు ఇళ్లకు పోయింది. చిత్రకారుల చక్రం ఎరుపు, పసుపు, నీలం అనే మూడు రంగుల పిండిని కలపడం మీద ఆధారపడింది. అందులో పసుపుకు ఎదురు ఊదా. ఫోన్ తెర, టీవీ తెర వెలుతురు చుక్కలతో పనిచేస్తాయి; వాటి మూలరంగులు ఎరుపు, ఆకుపచ్చ, నీలం. అందులో పసుపుకు ఎదురు నీలం. మా ఇంట్లో రెండు యాప్‌లూ తప్పు చెప్పలేదు, వేరువేరు చక్రాలు తిప్పాయి.

మరి పూలకు ఏది వర్తిస్తుంది? మడిలో మనం పిండీ కలపం, వెలుతురూ కలపం. పక్కపక్కన పెడతాం. కలిపే పని కన్ను చేస్తుంది. నారింజ రంగు బంతిని అరనిమిషం రెప్పవేయకుండా చూసి, చూపు తెల్లగోడ మీదికి తిప్పితే అక్కడ నీలివన్నె మచ్చ ఒకటి తేలుతుంది. నారింజను చూసి అలిసిన కన్ను దాని ఎదుటి రంగును తానే పుట్టిస్తుంది. పసుపు బంతితో చేస్తే ఆ మచ్చ నీలానికీ ఊదాకూ నడుమ ఎక్కడో ఉంటుంది. మావాడు, మరదలు సగం సగం గెలిచినట్టు.

దీన్ని వ్యాపారం కోసం పట్టించుకున్నవాడు షెవ్రోల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త. ప్యారిస్‌లోని గోబ్లాఁ నేతశాలలో 1824 నుంచి అద్దకాల విభాగం ఆయన చేతికింద ఉండేది. నల్ల ఉన్ని నల్లగా లేదని ఫిర్యాదు. అద్దకం బాగానే ఉంది. నీలం, ఊదా ఉన్ని పక్కన నేసినప్పుడు మాత్రమే ఆ నలుపు పాలిపోయినట్టు కనిపిస్తోంది. లోపం రంగులో కాదు, పొరుగులో ఉందని తేల్చి 1839లో పెద్ద గ్రంథమే రాశాడు. ఏ రంగూ ఒంటరిగా కనిపించదు, పక్కదాన్ని తన ఎదుటి రంగు వైపు నెడుతుంది అన్నది దాని సారం.

ధర్మవరం అంచు, నెమలికంఠం

షెవ్రోల్ రాసినదాన్ని మన నేతగాళ్లు చేతితో ఎప్పటినుంచో చేస్తున్నారు. ధర్మవరం (2022 విభజన తరవాత శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది) పట్టుచీరలో రెండు రకాల పనితనం చూడొచ్చు. ఒకటి, ఒంటికి ఒక రంగు, అంచుకు దాని మీద కొట్టొచ్చే ఇంకో రంగు, మధ్యన జరీ గీత. రెండోది పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు వేసి నేసే నెమలికంఠం లాంటివి. చీర కదిలినప్పుడల్లా నీలం, పచ్చ మారిమారి మెరుస్తాయి.

ఇందులో గమనించాల్సింది, నెమలికంఠంలో కలిసేవి పొరుగు రంగులు. ఎరుపూ ఆకుపచ్చా అట్లాగే పోగుపోగుకీ కలిపితే దూరానికి మట్టిరంగు కనిపిస్తుంది. ఎదుటి రంగులకు పెద్ద పెద్ద జాగాలు కావాలి. ఒళ్లు, అంచు లాగా. పొరుగు రంగులు పోగుల్లాగా కలిసినా చెడవు.

నేను ఈ సంగతి మిక్స్ అని రాసిన జీనియా విత్తనాల పొట్లంతో నేర్చుకున్నా. పొట్లం మీది బొమ్మ చూస్తే ప్రాణం లేచొచ్చింది. మడి పూశాక పక్కన నిలబడి చూస్తే ఒక్కో పువ్వూ ముచ్చటగానే ఉంది. గేటు దగ్గర్నించి చూస్తే ఎరుపు, గులాబి, నారింజ, పసుపు, తెలుపు అన్నీ ఉండి ఏదీ లేనట్టు, చూపు ఎక్కడా ఆగలేదు. మేడ మీదికెక్కితే ఇంకా అధ్వాన్నం. పొట్లం మీది ఫోటో రెండడుగుల నుంచి తీసింది మరి.

ఎదుటి రంగా, పక్కింటి రంగా, కదంబమా

ఇక్కడ మూడు బడులున్నాయి. మొదటిది ఎదుటి రంగులది. ఇంగ్లండులో విక్టోరియా రాణి కాలంలో అద్దాల ఇళ్లలో నారు పెంచి, తివాచీ పరిచినట్టు కొట్టొచ్చే రంగులు పక్కపక్కన నాటేవాళ్లు. మన ఊళ్లలో రోడ్డు డివైడర్ల మీద, ఆఫీసుల ముందు కనిపించే ఎర్ర-పసుపు పట్టీలు ఆ వంశంలోవే. ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, బండి మీద పోయేవాడు మడిని చూసేది రెండు మూడు సెకన్లు. అంత తక్కువలో మనసుకు ఎక్కాలంటే ఇదే పద్ధతి.

రెండోది దానికి తిరుగుబాటు. గర్‌ట్రూడ్ జెకిల్ (1843–1932) చిత్రకళ నేర్చుకున్న మనిషి, చూపు బాగా మందగించింది, తోటపనికి మళ్లింది. సర్రే ప్రాంతంలోని సొంత ఇంట్లో సుమారు 200 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న మడి వేసింది. రెండు కొసల్లో నీలాలు, తెలుపు, బూడిదరంగు ఆకులు, లోపలికి వచ్చేకొద్దీ లేత పసుపు, ముదురు పసుపు, నారింజ, నట్టనడుమ ఎరుపు. నడుస్తూ పోతే రాగం పైస్థాయికి ఎక్కి దిగినట్టు. దీంట్లో పక్కపక్కన ఉండేవి ఎప్పుడూ పొరుగు రంగులే. చిక్కేమిటంటే దీనికి పొడవు కావాలి. పదడుగుల మడిలో ఎక్కేలోపే దిగాల్సి వస్తుంది.

మూడోది అన్నీ కలిపే పద్ధతి. నా జీనియా గోడు విన్నాక ఇది తప్పు అనిపించవచ్చు గానీ, కదంబం మాల సంగతేమిటి? కనకాంబరం నారింజ, మల్లె తెలుపు, మరువం ఆకుపచ్చ, అన్నీ కలిసే ఉన్నాయి, ఎంత బాగుంటుంది! తేడా ఎక్కడంటే కదంబం కట్టేవాళ్లు వరస పాటిస్తారు. ఇంత మల్లె, ఇంత కనకాంబరం, మధ్యమధ్య మరువం. మరువం రెండు రంగుల మధ్య ఊపిరి లాంటిది. మిక్స్ పొట్లంలో ఆ చేయి లేదు, విత్తనం ఎక్కడ పడితే అక్కడ ఆ రంగు. మూడు బడుల్లో నాకు దగ్గరైంది ఇదే, కానీ మూడే రంగులతో, ఆకు బాగా కనిపించే ఎడంతో.

ఇంకో పేచీ రాణి రంగు మీద. జెకిల్‌కు మెజెంటా అసలు గిట్టదు. నారింజ పక్కన ఆ రంగు పెట్టడం పాపమన్నట్టు రాసే తోటల రచయితలు ఇప్పటికీ ఉన్నారు. మన పెళ్లిపందిట్లో రాణి రంగు చీరకు పసుపు అంచు, పక్కన నారింజ బంతిపూల తోరణం. ఎవరికీ కళ్లు నొప్పి పుట్టవు. రంగులు "కొట్టుకోవడం" అనేదాంట్లో కంటి వాటా కొంత, అలవాటు వాటా చాలా.

ఈ గొడవంతా మనుషులదేనని కూడా చెప్పుకోవాలి. తేనెటీగలకు రంగు తెలుస్తుందని ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ 1914లో రుజువు చేశాడు. వాటికి మన ఎరుపు సరిగ్గా ఆనదు, మనకు కనపడని అతినీలలోహిత కాంతి మాత్రం కనిపిస్తుంది. మనం కష్టపడి కూర్చిన ఎరుపు-ఆకుపచ్చ జత వాటికి ఒక లెక్కే కాదు.

నేలా ఒక రంగే, ఎండా ఒక రంగే

చీరకు ఒళ్లు ఉన్నట్టు మడికి నేల. అనంతపురం చుట్టూ ఎర్రనేల. నారు నాటిన మొదటి నెలా, మొక్కల సందుల్లో తరవాత కూడా, అది కనిపిస్తూనే ఉంటుంది. నారింజ, ఇటుకరంగు పూలు దాని మీద తేలవు. తెలుపు, నిమ్మపసుపు, ఊదా తేలతాయి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి మీద లెక్క తారుమారు. అక్కడ నారింజ నిప్పులా ఉంటుంది, ముదురు ఊదా మునిగిపోతుంది. దారి వెంట కడప నల్లబండలు పరిచి ఉంటే వాటి పక్కన కూడా అంతే. గోడకు వేసిన సున్నమో, పెయింటో ఇంకో రంగు. పసుపు గోడ ముందు పసుపు బంతి పెట్టి, ఫోటోలో పూలు కనపడలేదని ఫోన్‌ను తిట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఎండది ఇంకా పెద్ద సంగతి. ఇంగ్లండు తోటల వీడియోల్లో లేత గులాబి, లేత నీలం, వెన్నరంగు పూలు ఎంతో నాజూగ్గా కనిపిస్తాయి. అవే నారు తెచ్చి ఇక్కడ నాటినవాళ్లు మధ్యాహ్నం అన్నీ ఒకే సున్నపు తెలుపులా ఉన్నాయని బాధపడతారు. ఒక చిన్న లెక్క వేద్దాం. అనంతపురం సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం. డిసెంబరు 21, 22 ప్రాంతంలో, సూర్యుడు అన్నిటికంటే కిందుగా ఉండే రోజున, మిట్టమధ్యాహ్నం ఎత్తు 90 – 14.7 – 23.4, అంటే దాదాపు 52 డిగ్రీలు. జెకిల్ తోట ఉన్న 51 డిగ్రీల అక్షాంశం దగ్గర అదే రోజు సుమారు 15 డిగ్రీలు. అక్కడ జూన్‌లో, ఏడాదిలోకెల్లా ఎక్కువప్పుడు, 62 వరకు పోతుంది. మన చలికాలపు సూర్యుడు వాళ్ల నడివేసవి సూర్యుడికి పదే డిగ్రీల తక్కువ, పైగా మనకు మబ్బు తక్కువ. ఆ వెలుగులో లేత రేకులన్నీ ఎక్కువ కాంతిని వెనక్కి కొడతాయి, వాటి మధ్యనున్న సన్నటి తేడాలు చెరిగిపోతాయి.

అయితే లేత రంగులు ఇక్కడ పనికిరావనడం కూడా తొందరపాటే. పన్నెండింటికి మడి ముందు నిలబడే మనిషి మన సీమలో ఎవరున్నారు? పొద్దున ఏడులోపు, సాయంత్రం ఐదు దాటాక చూస్తాం. ఆ ఏటవాలు వెలుగులో లేత రంగులు వాటి ఊరికి వచ్చినట్టు ఉంటాయి. బడి ముందు మడికి మధ్యాహ్నం కూడా చూసేవాళ్లుంటారు కాబట్టి నిండు రంగులు కావాలి. పెరట్లో కాఫీ తాగే చోటుకు అవసరం లేదు.

ఎండకు వెలిసేవి, వెలవనివి

పూల రంగులు ఎక్కువగా మూడు రకాల పదార్థాల నుంచి వస్తాయి. బంతి పసుపు, నారింజ కెరోటినాయిడ్‌లవి. అవి చాలావరకు ఎండకు తట్టుకుంటాయి. పిటూనియా ఊదా, గులాబీ ఎరుపు లాంటివి ఆంథోసయనిన్‌లవి. వేడి పెరిగితే మొక్క వీటిని తక్కువ తయారుచేస్తుంది. ఫిబ్రవరి చివర్లో పిటూనియా పాలిపోవడం ఎరువు లోపమే కానక్కర్లేదు. మూడోవి బీటలైన్‌లు. గడ్డిగులాబీ, గోంఫ్రీనా, కోడిజుట్టు, చంద్రకాంత, కాగితంపూలు ఈ ఇంటివి. ఒకే మొక్కలో ఆంథోసయనిన్, బీటలైన్ రెండూ కలిసి ఉండవు, అదొక వింత. గోంఫ్రీనా పువ్వు ఎండిపోయి నెలలైనా రంగు నిలుపుకుంటుంది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం లాంటి చోట వేసవికి మిగిలేవి ఎక్కువగా ఈ బీటలైన్ ఇంటి పూలే. వాటిలో రాణి రంగు, పసుపు, నారింజ దండిగా ఉంటాయి, నీలం ఉండదు. వేసవిలో నీలం కావాలంటే మడి వదిలి కంచె మీదికి శంఖుపూల తీగ ఎక్కించుకోవాల్సిందే. నర్సరీలో "బ్లూ" అని అమ్మేవాటిలో చాలావరకు ఊదాయే.

ముప్పై మొక్కల మడి, ఒక సంక్రాంతి

పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు, అడుగుకొక మొక్క. మొత్తం 30. రంగులు మూడు: పసుపు బంతి, రాణి రంగు గోంఫ్రీనా, తెల్ల బిళ్లగన్నేరు. ఇళ్ల లోపలి అలంకరణ చేసేవాళ్లు చెప్పే వాటా 60, 30, 10. దాన్ని మొక్కలకు నేరుగా వేస్తే 18 బంతి, 9 గోంఫ్రీనా, 3 బిళ్లగన్నేరు.

కానీ కంటికి కనిపించేది మొక్కల సంఖ్య కాదు, రంగు పరుచుకున్న జాగా. ఎనిమిది సెంటీమీటర్ల బంతిపువ్వు వైశాల్యం దాదాపు 50 చదరపు సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల గోంఫ్రీనాది 5. ఒక బంతి మొక్కకు ఒకేసారి పది పూలు, గోంఫ్రీనాకు నలభై ఉన్నాయనుకుందాం. బంతి మొక్క 500, గోంఫ్రీనా మొక్క 200. అప్పుడు 18 బంతికి 9,000, 9 గోంఫ్రీనాకు 1,800. రెండింతలు అనుకున్నది ఐదింతలైంది. రాణి రంగు అంచులా కాదు, చీర మీద పడిన మరకలా కనిపిస్తుంది. నిజంగా రెండింతలు రావాలంటే 12 బంతి, 15 గోంఫ్రీనా: 6,000కు 3,000. మిగిలిన మూడు తెల్ల బిళ్లగన్నేరు, జరీ గీత వంతు.

ఇక కాలం. వేరే జత ఒకటి తీసుకుందాం, జీనియా, పిటూనియా. జీనియా విత్తిన ఎనిమిది వారాలకు అటూ ఇటూగా పూస్తుంది. పిటూనియాకు పన్నెండు వారాలు పడుతుంది. రెండూ జనవరి 14కు విచ్చి ఉండాలంటే పిటూనియా విత్తనం అక్టోబరు మధ్యలో, జీనియా నవంబరు మధ్యలో పడాలి. ఒకే ఆదివారం రెండూ చల్లితే, జీనియా డిసెంబరులో ఒంటరిగా పూసి, సంక్రాంతికి అలిసిపోతుంది.

పొద్దు గుంకాక

చివరికి మా మడిలో అమ్మ మాటే నెగ్గింది. పసుపు బంతి, పక్కన కుంకుమ ఎరుపు కోడిజుట్టు. పగలంతా బ్రహ్మాండంగా ఉంది. సాయంత్రం ఆరుంబావు అయ్యేసరికి ఎరుపు నల్లబడిపోయింది, ఆకుల్లో కలిసిపోయింది. వెలుతురు తగ్గేకొద్దీ కంట్లో రంగు చూసే కణాలు వెనక్కి తగ్గి, మసక వెలుతురు కణాలు పనిలోకి దిగుతాయి. వాటికి ఎరుపు దాదాపు ఆనదు. నీలాలు, తెలుపు ఎక్కువ వెలుగుతో కనిపిస్తాయి. పందొమ్మిదో శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యె దీన్ని గమనించాడు, ఆయన పేరే పెట్టారు.

అమ్మకు ఇదంతా చెప్పా. "ఆరుంబావుకు నేను దీపం పెట్టుకుంటా ఉంటా, మడి ఎవరు చూస్తారు?" అంది. మావాడు మాత్రం ట్యూషన్ నుంచి వచ్చేది ఆ వేళకే. గేటు పక్కన మూడు తెల్ల బిళ్లగన్నేరు మొక్కలు తెచ్చి పెట్టాడు.